పక్క సందడి

ఆరో తరగతి గదిలో మొదటి మిణుగురు ఒక నత్త పుణ్యమా అని వెలిగింది.

సైన్సు మాస్టారు తడి ఆకు మీద నత్తను పెట్టుకుని బెంచీల మధ్య తిరుగుతున్నారు. కిటికీ పక్క బెంచీ దగ్గర ఎవరో వేలు పెట్టబోతే అది కొమ్ములు లోపలికి లాక్కుంది. ఆ బెంచీలో కూర్చున్న తన్మయి చటుక్కున లేచి నిలబడింది.

"మాస్టారూ, దాని కళ్ళు కొమ్ముల చివర కదండీ ఉంటాయి. కొమ్ములు లోపలికి లాగీసుకుంటే మరి అది దాని కడుపులోకి చూసుకుంటాదా?"

క్లాసంతా నవ్వింది. తన్మయి కాలరుకు గుచ్చిన గాజు గుండీ లేతాకుపచ్చగా వెలిగి, మాస్టారు తనకూ తెలియదని ఒప్పుకునేదాకా అలాగే ఉండి, మెల్లగా ఆరిపోయింది.

గది వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న ఇద్దరూ ఆ వెలుగు చూసి కుర్చీల అంచుకు జరిగారు. ఒకరు ప్రొఫెసర్ కూర్మారావు. విశాఖపట్నంలో పిల్లల చదువుల మీద పరిశోధన చేసే చిన్న ప్రయోగశాలకు పెద్ద. రెండోది ఆయన శిష్యురాలు వైజయంతి. మిణుగురు అని పేరు పెట్టి ఆ గుండీని తయారుచేసింది ఆమే. తన్మయి ఆమె కూతురు. మొదటి గుండీ సొంత కూతురి మెడ దగ్గరే వెలగటం ఆమెకు సంతోషంతో పాటు కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. భీమిలిలో వాళ్ళ ఇంటికి దగ్గరున్న బడి అదే కావటంతో పరీక్షకు దాన్నే ఎంచుకున్నారు.

రాష్ట్రంలో పరీక్షలు ఎత్తేసి అప్పటికి కొన్నేళ్ళయింది. మార్కుల బదులు పిల్లలు నేర్చుకునే తీరుకు శ్రేణులు ఇమ్మన్నారు. ఎవరికి కుతూహలం ఉంది, ఎవరు పట్టు వదలకుండా ప్రయత్నిస్తారు, ఎవరు సొంతంగా చొరవ చేస్తారు, ఎవరు నలుగురితో కలిసి పనిచేస్తారు అన్నది చూడమన్నారు. ఆలోచన మంచిదే. కాని గది నిండా ఉన్న పిల్లల్లో ఎవరి లోపల ఏముందో టీచరుకు ఎలా తెలుస్తుంది? గట్టిగా మాట్లాడేవాళ్ళకు పెద్ద శ్రేణి పడేది. బెరుకుగా ఉండేవాళ్ళకు చిన్నది పడేది. తల్లిదండ్రులు బడి గుమ్మంలో తగువులాడేవారు. ఆ తగువు తీర్చాలనే వైజయంతి మిణుగురును చేసింది.

దాన్ని మోసం చెయ్యటం కుదరదు. గణపతి అనే పిల్లవాడు ఆ రోజంతా కళ్ళు పెద్దవి చేసి ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. గుండీ కనీసం మిణుకుమనలేదు. వాడు ఏడుపుమొహం పెడితే కూర్మారావు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. నిజంగా ఏదైనా తెలుసుకోవాలనిపించినప్పుడు మనిషికి ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, గుండె కాస్త నెమ్మదిస్తుంది, అడగబోయే మాట కోసం గొంతు లోపల సర్దుకుంటుంది. ఒకే పిల్లలో ఈ మూడూ వరసగా జరిగితేనే గుండీ వెలుగుతుంది. మరునాడు గణపతి, పిల్లి మీసాలు కత్తిరిస్తే మళ్ళీ మొలుస్తాయా అన్న సందేహంతో దాన్ని వెలిగించి ఊరంతా చాటుకున్నాడు.

వైజయంతికి ఏళ్ళు పట్టిన పని ఇంకొకటి ఉంది. గదిలో ప్రతి గుండీ తన పిల్ల ఊపిరితో పాటు పక్క పిల్లల ఊపిరినీ గొంతునీ కూడా వింటుంది. ప్రయోగశాలలో దాన్ని పక్క సందడి అనేవారు. ఎవరి శ్రేణి వారికి ఇవ్వాలంటే ఆ సందడిని తీసెయ్యాలి. దాని కోసం ఆమె ఒక జల్లెడ లాంటి లెక్క కట్టింది. పక్కనుంచి వచ్చినదంతా, మాటగా మారని చిన్న చిన్న ఉలికిపాట్లతో సహా, ఆ జల్లెడలో రాలిపోయేది. మిగిలింది ఒక్క పిల్ల మాత్రమే. శ్రేణుల పద్ధతిని నడిపే రాష్ట్ర విద్యా మండలి వాళ్ళకు ఆమె పరికరం నచ్చింది ఆ జల్లెడ వల్లే.

సాయంత్రాలు వైజయంతి ఇల్లు చేరేసరికి భర్త శ్రీహరి వంటింట్లో ఉండేవాడు. ఆయనది పోస్టాఫీసులో ఉద్యోగం, ముందే ఇంటికి వచ్చేస్తాడు. దిబ్బరొట్టె కాల్చటంలో ఆయనను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. మందపాటి ఇనుప మూకుడు, సన్న సెగ, పైన మూత. రొట్టె అంచు కోసం ఇద్దరు ఆడపిల్లలు పీటల మీద కూర్చుని ఎదురుచూసేవారు. ఒకరు తన్మయి. రెండోది దీవెన, ఒకటో తరగతి నుంచి తన్మయి పక్కనే కూర్చుంటూ, ఆమెను తనూ అని పిలిచే పిల్ల. వాళ్ళ అమ్మ శాంతకుమారి ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ దిగేదాకా దీవెన ఈ ఇంట్లోనే ఉండేది.

దీవెన మాట్లాడటం చాలా తక్కువ. రొట్టె అంచును విరిచి, లోపలి మెత్తటి భాగాన్ని, బయటి కరకరలాడే భాగాన్ని మార్చి మార్చి చూస్తూ కూర్చునేది. ఇంతలో తన్మయి, ఒకే పిండి కదా, లోపలొకలా బయటొకలా ఎందుకైందని తండ్రిని నిలదీసేది. శ్రీహరి తనకు తోచిన జవాబు ఏదో చెప్పేవాడు. ఇలాంటివి రోజూ జరిగేవి. ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు.

దసరా సెలవులకు ముందు మొదటి నివేదికలు వచ్చాయి. కుతూహలంలోనూ చొరవలోనూ తన్మయిది బడిలోకెల్లా పెద్ద శ్రేణి. దీవెనకు పట్టుదల బాగానే ఉంది. కుతూహలంలో మాత్రం అట్టడుగున ఉంది, చొరవ అసలు లేదని వచ్చింది. ఇతరుల మీద ఆధారపడుతోందని కింద ఒక వాక్యం కూడా ఉంది.

వైజయంతికి మనసు చివుక్కుమంది. మళ్ళీ తనకు తానే సర్దిచెప్పుకుంది. తన ఇంట్లో తిరిగే పిల్ల కాబట్టి బాధగా ఉంది. ఇలాంటి పక్షపాతం చదువుల్లోంచి పోవాలనే కదా ఈ గుండీ కనిపెట్టింది. ప్రయోగశాలలో ఎందరో పిల్లల మీద పరీక్షించి చూసిన జల్లెడ ఇది. దీవెన ఒక్కర్తి విషయంలో తప్పవుతుందా?

హెడ్మిస్ట్రెస్ మాణిక్యాంబ గారు మంచి మనిషి. దీవెన తన్మయి నీడలో ఉండిపోతోందని, వేరే సెక్షన్‌లో ముందు బెంచీలో కూర్చోబెడితే సొంతంగా ఎదుగుతుందని ఆవిడ అనుకున్నారు. వైజయంతి సలహా అడిగారు. వైజయంతి సరేనంది. దసరా తరవాత బడి తెరిచేసరికి ఇద్దరు పిల్లలూ వేరు వేరు గదుల్లో కూర్చున్నారు.

కార్తీకం వచ్చేసరికి తన్మయి గుండీ వెలగటం తగ్గింది. మొదట వైజయంతి గుండీ పాడైందనుకుని మార్చింది. తరవాత ఇంకొకటి మార్చింది. జల్లెడను మొదటి నుంచి సరిచూసింది. ఎక్కడా తప్పు కనపడలేదు. తక్కిన పిల్లల గుండీలు బాగానే పనిచేస్తున్నాయి. పరికరం సంగతి వదిలేసి పిల్లనే అడగమని శ్రీహరి అన్నాడు. అడిగితే తన్మయి, ఏం అడగాలో తెలియటం లేదని చెప్పింది. మునుపు ప్రశ్నలు వాటంతటవే వచ్చేవట, ఇప్పుడు రావటం లేదట. దీవెన ఇంటికి రావటం కూడా మానేసింది. శ్రీహరి రొట్టె కాల్చటం మాత్రం మానలేదు. అంచు అలాగే మిగిలిపోయేది.

ఒక రోజు వైజయంతి గుండీలు మార్చటానికి బడికి వెళ్తే వరండాలో శాంతకుమారి కనపడింది. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, తెల్ల చీర మీదే ఉంది. పక్కన దీవెన సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. టీసీ కోసం వచ్చామని శాంతకుమారి చెప్పింది. పిల్లను పాలకొండలో చెల్లెలి దగ్గర పెడుతోందట. అక్కడ బడిలో ఈ గుండీలు లేవట. చెల్లెలు బట్టలు కుడుతుంది, పిల్ల ఆ పనీ నేర్చుకుంటుందట.

నివేదిక అన్నది పిల్లకు సాయపడటానికే గాని బాధపెట్టటానికి కాదని వైజయంతి చెప్పబోయింది. శాంతకుమారి మర్యాదగా విని తల ఊపింది. దీవెన మాత్రం తలెత్తి వైజయంతి మొహంలోకి చూసింది. ఆ పిల్ల తనంతట తాను ఆమెతో మాట్లాడటం అరుదు.

"నాకు కుతూహలం లేదంట ఆంటీ. లేనోళ్ళు పక్కన కూర్చుంటే ఉన్నోళ్ళది కూడా పోతాదంట. అందుకే నేను మీ ఇంటికి రావట్లేదు. తనూకి కోపం వద్దని చెప్పండి."

క్లాసులో పిల్లలెవరో అన్న మాట అది. దీవెన దాన్ని నమ్మేసింది. తన్మయి గుండీ ఆరిపోయిందని తెలిసి, అది తన వల్లేనని కూడా నమ్మేసింది. వైజయంతి ఆ పిల్ల వైపు ఒక అడుగు వేసింది. ఆఫీసు గదిలోంచి మాణిక్యాంబ గారు పిలిస్తే తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళిపోయారు.

దీవెన వెళ్ళిపోయే ముందు ఆదివారం ఒక్క పూట తనతో గడపాలని తన్మయి ఏడ్చింది. శ్రీహరి శాంతకుమారి ఇంటికి వెళ్ళి అడిగి, ఇద్దరినీ గోస్తని నది సముద్రంలో కలిసే చోటుకు తీసుకువెళ్ళాడు. వైజయంతి కూడా వెళ్ళింది. మండలి వాళ్ళు వచ్చే రోజు దగ్గరపడుతోంది, ఆమె ధ్యాసంతా ప్రయోగశాల మీదే ఉంది. అయినా వరండాలో దీవెన అన్న మాట ఆమెను ఇంట్లో కూర్చోనివ్వలేదు.

ఒడ్డున కట్టేసి ఉన్న పడవలో పిల్లలిద్దరూ ఎక్కి కూర్చున్నారు. కాసేపటికి తన్మయి పడవ ఆ చివర కూర్చుని, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనుషుల వైపు తిరిగి, తండ్రితో వాళ్ళ గురించి ఏదో చెప్పటం మొదలుపెట్టింది. దీవెన ఈ చివర నీళ్ళలో చెయ్యి ఆడిస్తోంది. వైజయంతి ఊరికే ఆ పిల్ల వైపు చూస్తూ కూర్చుంది.

దీవెన పైపైన నీళ్ళు తీసి నాలుకకు రాసుకుంది. తరవాత మోచెయ్యి మునిగేదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, పిడికిట్లో నీళ్ళు పట్టుకుని పైకి తెచ్చింది. అవీ రుచి చూసింది. చూసి, అలాగే ఆగిపోయింది. కదలలేదు, ఊపిరి కూడా తీసుకోలేదు.

అవతలి చివర తన్మయి చెప్తున్న మాట మధ్యలో ఆపేసింది. ఆమె ఇటు చూడనే లేదు. ముందు మాట ఆగింది, ఆ తరవాతే తల తిరిగింది. గబగబా ఈ చివరకు వచ్చి, దీవెన చేసినట్టే పైనీళ్ళు, లోపలి నీళ్ళు నోట్లో వేసుకుని, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, పైనున్నవి చప్పగా, లోపలివి ఉప్పగా ఉన్నాయి. రెండూ ఒకచోటే ఉన్నాయి కదా, కలిసిపోవా?"

శ్రీహరి ముందు ఇద్దరినీ నోట్లో నీళ్ళు ఉమ్మెయ్యమన్నాడు. నది నీళ్ళు తేలికవి కాబట్టి పైన ఉంటాయని, సముద్రపు నీళ్ళు బరువుగా అడుగున చేరతాయని వైజయంతి చెప్పింది. చెప్తున్నదన్న మాటే గాని ఆమె మనసు అక్కడ లేదు. వారాల తరవాత కూతురి మొహంలో ఆ కళ చూస్తోంది. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో కూడా కళ్ళారా చూసింది. దీవెన దగ్గర పుట్టి, తన్మయి దగ్గర మాటైంది.

మరునాడు పొద్దున్న దీవెన పాలకొండ బస్సు ఎక్కే వేళకు వైజయంతి ప్రయోగశాలలో ఉంది. జల్లెడను తీసేసి, దాచి ఉంచిన పాత రోజుల రికార్డులన్నీ మొదటి నుంచి విన్నది. నత్త రోజు తన్మయి గొంతు కదలటానికి కాస్త ముందు దీవెన ఊపిరి ఆగింది. గుండె నెమ్మదించింది. ఆ తరవాతే తన్మయి ఊపిరి ఆగింది. దీవెన గొంతు మాటకు సిద్ధం కాలేదు కాబట్టి జల్లెడ దాన్ని ఉలికిపాటు కింద జమ కట్టి పారేసింది. ఆ తరవాత రోజుల్లోనూ అంతే. ఎన్నోసార్లు తన్మయి వెలుగు వెనక దీవెన ఊపిరి ఉంది.

వాళ్ళిద్దరే కాదు. గది మొత్తం అలాగే ఉంది. ఒక మూల ఎవరిదో ఊపిరి ఆగితే, ఇంకో మూల ఎవరో కదులుతారు, వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు, ఆఖరికి ఎవరో ఒకరు లేచి అడుగుతారు. పిల్లి మీసాల ప్రశ్న కూడా గణపతి ఒక్కడిదీ కాదు. ఏళ్ళ తరబడి తను కష్టపడి తీసేసిన పక్క సందడి లోనే చదువు నడుస్తోంది.

ఆమె కూర్మారావును పిలిచి వినిపించింది. ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని మధ్యాహ్నం దాకా విన్నాడు. ఆయన మరి కొద్ది నెలల్లో రిటైరవుతాడు. మండలి ఒప్పుకుంటే మిణుగురు రాష్ట్రమంతా వెళ్తుంది, ప్రయోగశాల నిలుస్తుంది. ఒప్పుకోకపోతే అది ఆయనతోనే మూతపడుతుంది.

"చూడమ్మా," అన్నాడు చివరికి. "ముందు ఊపిరాగినవాళ్ళకి కొంత, అడిగినవాళ్ళకి కొంత అని ఏదో ఒక లెక్క కట్టీ. ఎవరు కాదంటారు?"

"ఆ కొంత ఎంతో నేనే చెప్పాలి కదండీ సార్. అప్పుడది కొలత ఎలగవుతాది? నా ఇష్టం అవుతాది."

కూర్మారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అలాంటి మాట తను విద్యార్థిగా ఉన్నప్పుడు తన గురువుతో అనగలిగేవాడు కాదని చెప్పి, టీ తాగుదాం రమ్మని లేచాడు. క్యాంటీన్‌లో ఇద్దరూ మండలికి ఏం చూపించాలో మాట్లాడుకున్నారు. చూసింది చూసినట్టే చూపిద్దామని ఆయనే అన్నాడు.

మండలి వాళ్ళు వచ్చిన రోజు ఆరో తరగతి గదిలో జల్లెడ లేని, ఊపిరి ఆగితే చాలు మసకగానైనా వెలిగే గుండీలే ఉన్నాయి. సైన్సు మాస్టారు వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించారు. మంట చిన్నదవుతుంటే కిటికీ వైపు ఒక గుండీ మసకగా మిణుకుమంది, దాని వెనక రెండు, అటు గోడ దగ్గర ఇంకొకటి. వెలుగు బెంచీ నుంచి బెంచీకి పాకింది. కొవ్వొత్తి ఆరిపోయేసరికి సగం గది లేతాకుపచ్చగా ఉంది. ఎవరో పిల్ల లేచి, గ్లాసులో గాలి ఇంకా కనపడుతూనే ఉంది కదా, మంటకు ఏం తక్కువైందని అడిగింది. ఎక్కడ కనపడుతోందో చూపించమని ఇంకో పిల్ల ఆమెను ఎదురడిగింది. మండలి అధ్యక్షురాలు అనసూయాదేవి ఆ దృశ్యానికి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఆమె మెడలో వేసిన అతిథి గుండీ కూడా వెలుగుతోంది.

తరవాత ఆఫీసు గదిలో కూర్చున్నాక ఆమె అడగవలసింది అడిగింది. ఇందులో ఏ పిల్లకు ఏ శ్రేణి వెయ్యాలి? ఈ పరికరం ఒక్కొక్క పిల్లను విడదీసి చెప్పలేదని, పాత నివేదికలు తప్పని, వాటిని వెనక్కి తీసుకోవాలని వైజయంతి చెప్పింది. శ్రేణి వెయ్యాలంటే గదికి వెయ్యమంది.

"గదికి టీసీ ఇవ్వలేం కదమ్మా," అంది అనసూయాదేవి. ఆ మాటలో వెటకారం లేదు. పిల్లలు పై చదువులకు విడివిడిగా వెళ్తారని, వాళ్ళ చేతిలో విడివిడిగా ఏదో ఒకటి పెట్టక తప్పదని చెప్పింది. ఆమె చెప్పినదీ నిజమే. మండలి మిణుగురును పక్కన పెట్టింది. ప్రయోగశాలను మార్చి నెల తరవాత మూసేస్తారని అప్పుడే తేలిపోయింది. మాణిక్యాంబ గారు మాత్రం ఆ గుండీలను తమ బడికి వదిలెయ్యమని అడిగారు. శ్రేణులకు కాదు, పాఠం చెప్పేటప్పుడు టీచర్లు చూసుకోవటానికి. పాత నివేదికలను ఆవిడ ఆ వారంలోనే వెనక్కి తెప్పించుకున్నారు. దీవెన విషయంలో తనదీ తొందరపాటేనని అన్నారు.

మరునాడు వైజయంతి ఆసుపత్రికి వెళ్ళి శాంతకుమారిని కలిసింది. వార్డు బయట బల్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. తప్పు తనదేనని చెప్పింది. శాంతకుమారికి కోపం వస్తుందని సిద్ధపడే వెళ్ళింది. ఆమెకు కోపం రాలేదు.

"నాకు చెప్తే ఏటవుతాది మేడమ్? నా పిల్లకి ఏదీ పట్టదని నేను ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున్న పాలు కాగుతుంటే గిన్నె పక్కనే నిలబడిపోతాది, పొంగీదాకా చూస్తాది. నాకు తెలుసు. అది తెలీనిది దానికే. మీరు ఎల్లి దానికి చెప్పండి."

పిల్ల రమ్మంటే తెచ్చేసుకుంటానని, రానంటే బలవంతం చెయ్యనని కూడా చెప్పింది. చెల్లెలి ఇంటి గుర్తులు చెప్పి, పిల్లకు ఇమ్మని వేరుశనగ ఉండలు పొట్లం కట్టి ఇచ్చింది.

వైజయంతి, తన్మయి విజయనగరంలో బస్సు మారి పాలకొండ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. దీవెన పిన్ని రాజేశ్వరి ముందు గదిలో కుట్టు మిషను తొక్కుతోంది. పెరటి వసారాలో చాప మీద కూర్చుని దీవెన జాకెట్లకు హుక్కులు కుడుతోంది. తన్మయిని చూడగానే ఆ పిల్ల మొహం వెలిగింది, అంతలోనే కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. దగ్గరకు వస్తే ఏదైనా అంటుతుందేమో అన్నట్టుగా. తన్మయి వెళ్ళి ఆమె మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

వైజయంతి కూడా చాప మీద కూర్చుంది. దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చింది గాని, తీరా చెప్పేసరికి మామూలు మాటలే వచ్చాయి. గుండీ దీవెన ఊపిరిని విన్నదని, తనే దాన్ని పనికిరాని చప్పుడు అనుకుని తీసేసిందని, నత్త ప్రశ్న మొదట దీవెనకే వచ్చిందని చెప్పింది. దీవెన సూది ఆపకుండా వింది.

"అడిగింది తనూ కదా ఆంటీ," అంది తలెత్తకుండా.

"నువ్వు ఆగేవు, అందుకని అడిగేను," అంది తన్మయి. "నువ్వు లేకపోతే నాకేం రావట్లేదు. గుండీ ఆరిపోయింది నీ వల్ల కాదు, నువ్వు లేక."

మిషను చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. దీవెన సూది జాకెట్టులో సగం దిగి అక్కడే నిలిచిపోయింది. తన్మయి పెదవులు విడ్డాయి. ఎప్పటిలా అడిగెయ్యబోయి, తల్లి మొహం చూసి, దీవెన మొహం చూసి, నోరు మూసేసుకుంది. అలా ఆగటానికి తన్మయి ఎంత కష్టపడిందో వైజయంతికి కనపడింది. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. దీవెన రెండుసార్లు గుటక వేసింది.

"ఆంటీ, మరి నా ఊపిరి ఆగినట్టు తనూకి ఎలగ తెలుస్తాది? ఇటు చూడదు కదా."

వైజయంతి చెప్పబోయి ఆగింది. అన్ని రోజులు విన్నది, అన్ని లెక్కలు చూసింది, ఈ మాట తనకు తట్టనే లేదు. తనకు తెలియదని ఒప్పుకుంది. ఎవరికీ తెలియదేమో అని కూడా అంది.

దీవెన జాకెట్టు పక్కన పెట్టింది. తన్మయిని లేపి వసారా ఆ చివరకు పంపి, గోడ వైపు తిరిగి నిలబడమంది. తను ఈ చివర కూర్చుని పిన్ని కుట్టుపెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి చూస్తానని, ఎప్పుడు ఆగిందో తన్మయి చెప్పాలని అంది. తన్మయి చెప్పినవన్నీ తప్పే అయ్యాయి. తరవాత ఆమెను పిలిచి, వసారాలో ఉన్న పొడుగు బల్ల మీద తన పక్కనే, వీపు తిప్పి కూర్చోబెట్టింది. పెట్టెలో అయస్కాంతానికి గుండుసూదులు ఒకదానికొకటి అంటుకుని తోకలా వేలాడుతున్నాయి. ఆఖరి సూదిని లాగి దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే, తన్మయి వెనక నుంచి, "ఇప్పుడు," అంది.

ఇద్దరూ మళ్ళీ చేశారు. మళ్ళీ తన్మయి సరిగ్గా చెప్పింది. దీవెన వంగి బల్ల కాళ్ళ వైపు చూసింది.

"బల్ల వల్లేమో ఆంటీ. బడిలో కూడా ఒకే బెంచీ కదా. నేను ఆగితే అది కూడా ఆగుతాదేమో. ఇద్దరితో తెలీదు. క్లాసులో అందరితో చెయ్యాలి." అని, సాయంత్రం భీమిలి వెళ్ళటానికి బస్సు ఎన్నింటికని అడిగింది.

లోపలి నుంచి రాజేశ్వరి అన్నానికి పిలిచింది. చేతులు కడుక్కుని రమ్మని ఇంకోసారి పిలిచింది. దీవెన అప్పటికే బల్ల కింద దూరి, దాని చెక్కకు చెవి ఆనించి, తన్మయిని పైన ఊపిరి బిగబట్టి కూర్చోమంటోంది.

"ఆగు పిన్నీ," అంది కిందనుంచి.